కునింగస్: వలస వచ్చిన ఒక మాట కథ

మూడేళ్ళ కిందటి సంగతి. డిసెంబరు నెల. మధ్యాహ్నం మూడున్నరకే బయట చీకటి పడిపోయింది. అప్పట్లో నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి భోజనాల బల్ల మీద ఫిన్నిష్ పుస్తకం పరుచుకుని ఇంటిపని చేసుకుంటోంది. ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేసింది.

"నాన్నా, హెల్సింకి అన్న మాట చివర 'న్' చేరిస్తే హెల్సింగిన్ అవుతుంది కదా! 'ంక' పోయి 'ంగ' వచ్చింది. మరి కునింగస్‌కి చేరిస్తే కునింకాన్ అంటారేం? ఇక్కడ 'ంగ' పోయి 'ంక' వచ్చింది. తలకిందులుగా ఉందేమిటి?"

కునింగస్ అంటే రాజు. హెల్సింగిన్ అంటే హెల్సింకి యొక్క, కునింకాన్ అంటే రాజు యొక్క. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా నాకు ఆ అనుమానమే రాలేదు. నేను వృత్తి రీత్యా ఇంజనీరుని, వ్యాకరణం నా రంగం కాదు. "రేపు చెబుతాలే తల్లీ" అని అప్పటికి తప్పించుకున్నాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంకో గొడవ కూడా నడుస్తోంది. రాత్రి భోజనాల దగ్గర స్వచ్ఛమైన తెలుగే మాట్లాడాలని నేనొక నియమం పెట్టాను. పిల్ల నోట ఫిన్నిష్ మాట గాని, ఇంగ్లీషు మాట గాని దొర్లితే చాలు, అక్కడే ఆపి దిద్దేవాణ్ణి. "రెప్పు కాదు, సంచీ అనాలి." "బుస్సి కాదు, బస్సు." (బస్సు మాత్రం తెలుగు మాటా అని ఆవిడ గారు అడగలేదు గనక బతికిపోయాను.) "కోఉలుకి వెళ్ళాలి" అంటే "కౌలుకి వెళ్ళడమేమిటే, వ్యవసాయం చేస్తావా?" అని వెక్కిరించేవాణ్ణి. నాలుగు నెలలు తిరిగేసరికి ఫలితం కనిపించింది. పిల్ల భోజనాల దగ్గర మాట్లాడటం మానేసింది. ఏం అడిగినా "ఊఁ", "ఆఁ" తప్ప ఇంకో మాట లేదు. "మీరు దిద్దుతున్నది మాటల్నా, పిల్లనా?" అని మా ఆవిడ ఒకరోజు సూటిగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కునింగస్ గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ పరిస్థితిలో. ఫిన్నిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మూడు సంపుటాల నిఘంటువు ఒకటి ఉంది. 1992 నుంచి 2000 దాకా వెలువడింది. దాన్ని గ్రంథాలయంలో తిరగేసి, మరి కొన్ని పుస్తకాలు చూసి నేను తెలుసుకున్నది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

రాజుగారు ఎక్కణ్ణించి వచ్చారు?

ఫిన్నిష్ భాషకి ఇరుగుపొరుగు స్వీడిష్‌తో గాని, రష్యన్‌తో గాని రక్తసంబంధం లేదు. ఎస్తోనియన్ దానికి తోబుట్టువు, సామీ భాషలు చుట్టాలు, హంగేరియన్ బాగా దూరపు చుట్టం. ఈ కుటుంబాన్ని యురాలిక్ కుటుంబం అంటారు. స్వీడిష్, జర్మన్, ఇంగ్లీషు మొదలైన జర్మానిక్ భాషలు సంస్కృతం ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవి. కనుక ఫిన్నిష్‌కీ జర్మానిక్ భాషలకీ ఉన్న సంబంధం, తెలుగుకీ సంస్కృతానికీ ఉన్న సంబంధం లాంటిది. పుట్టుకలు వేరు, ఇచ్చిపుచ్చుకోవడాలు మాత్రం బోలెడు.

సుమారు 1500 నుంచి 2000 ఏళ్ళ కిందట బాల్టిక్ సముద్రానికి ఒక పక్కన ఫిన్నిష్, ఎస్తోనియన్ భాషలకి తల్లి అయిన భాష మాట్లాడేవాళ్ళు ఉండేవారు. అవతలి పక్క నుంచి జర్మానిక్ భాష మాట్లాడేవాళ్ళు వచ్చిపోతూ ఉండేవారు. సరుకులతో పాటు మాటలు కూడా చేతులు మారాయి. ఉంగరానికి 'రెంగస్', గొర్రెకి 'లమ్మస్', అందమైన అనడానికి 'కౌనిస్', సముద్రపు ఒడ్డుకి 'రంత', ఇవన్నీ అలా వచ్చినవే. ఇంగ్లీషులో రింగ్, ల్యాంబ్, స్ట్రాండ్, జర్మన్‌లో 'షోన్' అన్న మాటలు వీటికి సోదరులు. రెంగస్ మనకి బాగా పరిచయమైన మాటే. ఏటేటా చలికాలం రాగానే కారుకి మార్పించే తల్విరెంకాత్‌లో ఉన్నది ఈ ఉంగరమే.

ఆఖరికి అమ్మని పిలిచే 'ఐతి' కూడా జర్మానిక్ నుంచి వచ్చినదే! 4వ శతాబ్దంలో ఉల్ఫిలా బైబిలుని అనువదించిన గోథిక్ భాషలో తల్లిని 'ఐథీ' అనేవారు. ఫిన్నిష్‌లో తల్లికి 'ఎమా' అని సొంత మాట ఉండేది. అది ఇప్పుడు ఎక్కువగా పశువుల తల్లికే మిగిలింది.

రాజుగారు కూడా ఆ పడవల్లోనే దిగారు. జర్మానిక్ భాషలన్నిటికీ మూలమైన భాషలో ఆయన పేరు 'కునింగజ్' అని పండితులు తేల్చారు. చివరి జకారాన్ని 'జీరో'లో జకారంలా పలకాలి. అందులో 'కుని' అంటే వంశం. 'ఇంగ' అంటే దానికి చెందినవాడు. వెరసి, గొప్ప వంశంలో పుట్టినవాడు. ఈ 'కుని', సంస్కృతంలోని 'జన' ఒకే ధాతువు నుంచి పుట్టాయి. జననం, జాతి, జనకుడు ఇవన్నీ ఆ కొమ్మలే. మన 'రాజు' సంస్కృతం నుంచి వచ్చినట్టే, ఫిన్నిష్‌వాళ్ళ రాజు జర్మానిక్ నుంచి వచ్చాడన్నమాట.

తోకతో సహా వచ్చిన మాట

ఇక్కడ తమాషా ఏమిటంటే, 'కునింగజ్' చివర ఉన్న 'అజ్' అసలు మాటలో భాగం కాదు. అది ప్రథమా విభక్తి ప్రత్యయం. రాజు వచ్చాడు అన్నప్పుడు ఉంటుంది, రాజుని చూశాను అన్నప్పుడు ఉండదు. సంస్కృతంలో 'రామః' చివర ఉన్న విసర్గ కూడా ఇలాంటిదే. ఇలాంటిదే ఏమిటి, రెండూ ఒకటే! 'రామః తిష్ఠతి' కలిస్తే 'రామస్తిష్ఠతి' అవుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. అక్కడ బయటపడే సకారం, లాటిన్‌లోని 'ఉస్', గ్రీకులోని 'ఒస్', జర్మానిక్‌లోని 'అజ్' అన్నీ ఒక తల్లి పిల్లలు.

సముద్రపు ఒడ్డున గొర్రెలు బేరమాడే మనిషికి ఈ విభక్తులతో ఏం పని? చెవికి ఎలా వినపడితే అలా మొత్తం మాటని తీసేసుకున్నాడు. అతని భాషలో ఆ జకారం లేదు కనుక దాన్ని సకారం చేసుకున్నాడు. అలా 'కునింగస్' తయారైంది.

మనవాళ్ళ పద్ధతి వేరు. సంస్కృతం మనకి ఎక్కువగా చదువుకున్నవాళ్ళ ద్వారా వచ్చింది. వాళ్ళకి ప్రాతిపదిక ఏదో, ప్రత్యయం ఏదో తెలుసు. అందుకని రామః లోని విసర్గ తీసేసి, మన 'డు' తగిలించి, 'రాముడు' అన్నారు. అయినా మనమూ అక్కడక్కడ ఫిన్నిష్‌వాళ్ళ లాగే చేశాం. సంస్కృతంలో అసలు మాట 'పితృ'. 'పితా' అనేది దాని ప్రథమా విభక్తి రూపం. మనం ఆ రూపాన్నే 'పిత' అని పట్టుకుని, దాని మీద మన ప్రత్యయాలు చేర్చి 'పితకు', 'పితతో' అంటున్నాం. మాత, కర్త, దాత కూడా అంతే.

ఇప్పుడు ఆ మాట పుట్టింటి సంగతి చూడండి. కునింగజ్ ఇంగ్లీషులో అరిగి అరిగి 'కింగ్' అయింది. స్వీడిష్‌లో 'కుంగ్', డేనిష్‌లో 'కొంగె', జర్మన్‌లో 'క్యోనిగ్'. తోక ఎక్కడా లేదు. ఐస్‌లాండ్ భాషలో మాత్రం 'కోనుంగుర్' అని, రేఫగా మారిన రూపంలో దాని గుర్తు మిగిలింది. అచ్చు, హల్లు రెండూ దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా వినాలంటే ఫిన్లండ్‌కో, ఎస్తోనియాకో రావాలి.

ఈ తోక పండితుల ఊహ కాదు. దానికి రాతపూర్వకమైన సాక్ష్యం కూడా ఉంది. డెన్మార్క్‌లోని గల్లేహుస్ అనే చోట రెండు బంగారు కొమ్ములు దొరికాయి, ఒకటి 1639లో, రెండోది 1734లో. రెండో కొమ్ము మీద సుమారు క్రీ.శ. 400 నాటి రూనిక్ లిపిలో దాన్ని చేసినవాడి పేరు చెక్కి ఉంది: హ్లెవగస్తిజ్. చివర చూశారా, అదే తోక! 1802లో ఒక దొంగ ఆ కొమ్ముల్ని రెండింటినీ ఎత్తుకుపోయి కరిగించేశాడు. ఈనాడు మనకి మిగిలినవి పాత బొమ్మలూ, వాటిని చూసి చేసిన నకళ్ళూ మాత్రమే. బంగారం మీద చెక్కిన అక్షరం కరిగిపోయింది. రైతుల నోట్లో పడిన అక్షరం మాత్రం మిగిలింది. ఫిన్నిష్‌లో మొదటి అచ్చు పుస్తకం, మికాయెల్ అగ్రికోలా వాచకం, వచ్చింది 1543లో. అంతవరకు వెయ్యేళ్ళకి పైగా కునింగస్‌ని మోసినది ఉత్త నోరు. ఈ అరువు మాటల విలువ గుర్తించి 1869లో పెద్ద పరిశోధన చేసినవాడు విల్హెల్మ్ థామ్సెన్ అనే డెన్మార్క్ పండితుడు. జర్మానిక్ భాషల ప్రాచీన రూపాలు తెలుసుకోవాలంటే ఫిన్నిష్‌ని చూడాలని అప్పటినుంచి అందరూ ఒప్పుకుంటున్నారు.

ఇంతగా మాటని కాపాడిన దేశానికి సొంత రాజు మాత్రం దక్కలేదు. 1809 దాకా స్వీడన్ రాజులు, తరవాత రష్యా చక్రవర్తులు ఏలారు. స్వాతంత్ర్యం వచ్చాక 1918 అక్టోబరులో పార్లమెంటు ఫ్రీడ్రిక్ కార్ల్ అనే జర్మన్ రాకుమారుణ్ణి రాజుగా ఎన్నుకుంది. యుద్ధంలో జర్మనీ ఓడిపోవడంతో ఆయన సింహాసనం ఎక్కకుండానే డిసెంబరులో తప్పుకున్నాడు. రాజు రాలేదు గాని, రాజు అన్న మాట మాత్రం పదిలంగా ఉంది.

తలకిందుల లెక్క

ఇక మా అమ్మాయి ప్రశ్నకి వద్దాం. 'ంగ' అని రాస్తున్నాను గాని, ఫిన్నిష్‌లో అక్కడ గకారం వినపడదు. మన 'క' వర్గం చివర ఉండే ఙకారమే ఒత్తి పలుకుతారు: కునిఙ్ఙస్, హెల్సిఙ్ఙిన్. ఈ అక్షరం ఎందుకుందా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. దాని పని ఇక్కడ కనిపించింది.

ఫిన్నిష్‌లో క, త, ప లకి ఒక నియమం ఉంది. మాటని పలుకులుగా విడగొట్టండి: హెల్-సిం-కి. చివరి పలుకు 'కి' అచ్చుతో ముగుస్తోంది, అంటే తలుపు తెరిచి ఉంది. అప్పుడు కకారం గట్టిగా నిలబడుతుంది. 'న్' చేరిస్తే తలుపు మూసుకుంటుంది. అప్పుడు కకారం మెత్తబడి హెల్సిఙ్ఙిన్ అవుతుంది.

కునింగస్‌లో చివరి పలుకుని సకారం ముందే మూసేసింది. అది జర్మానిక్ నుంచి వచ్చిన తోక. అందుకని ఇక్కడ ప్రథమా విభక్తిలోనే 'ఙ్ఙ' మెత్తగా ఉంది. ఇప్పుడు 'యొక్క' అర్థం కోసం ఒక అచ్చుతో పాటు 'న్' చేర్చండి. పాత రూపం కు-నిం-క-సెన్. సకారం తరవాతి పలుకులోకి జరిగింది. 'క' తలుపు తెరుచుకుంది. కకారం గట్టిబడింది.

తరవాత రెండు మార్పులు జరిగాయి. రెండు అచ్చుల నడుమ చిక్కుకున్న ఆ సకారం హకారమైంది, పక్కన ఉన్న అచ్చు కూడా దానితో కలిసి మారి 'కునింకహన్' అయింది. ఆ తరవాత హకారం కూడా రాలిపోయి రెండు అకారాలూ కలిసి 'కునింకాన్' అయింది. నియమం ప్రకారం చూస్తే ఇప్పుడు 'కాన్' మూసిన పలుకే, కకారం మెత్తబడాలి. కాని మెత్తబడలేదు. ఒకప్పుడు అక్కడ హకారం ఉండేదన్న జ్ఞాపకం ఆ కకారాన్ని ఇంకా నిలబెడుతోంది. ఎతెలా పొహ్యన్మా ప్రాంతపు మాండలికంలో ఇలాంటి మాటల్లో ఆ హకారం ఇప్పటికీ వినిపిస్తుంది.

అంటే తలకిందుల లెక్కకి కారణం ఆ పాత తోకే. రెంగస్ – రెంకాన్, లమ్మస్ – లంపాన్, అన్నీ ఇదే దారి. బాల్టిక్ భాషల నుంచి వచ్చిన 'హమ్మస్' అంటే పన్ను, దానికి 'హంపాన్'. మరి కొన్నాళ్ళకి అచ్చమైన ఫిన్నిష్ ధాతువుల నుంచి పుట్టిన మాటలు కూడా ఈ వరసలోనే నడిచాయి. బడిలో మన పిల్లల్ని 'ఒప్పిలస్' అంటారు, అంటే విద్యార్థి. ఒక ఊళ్ళో నివసించేవాణ్ణి 'అసుకస్' అంటారు. 'ఒప్పిలాన్', 'అసుక్కాన్' అని వాటికీ రాజుగారి మర్యాదే.

మన తెలుగులో కూడా మాట లోపలి రూపం మారే పద్ధతి ఉంది. ఇల్లు – ఇంటికి, కన్ను – కంటికి, ఏరు – ఏటికి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అన్నాడు. అరువు మాటల్ని మనం అంత లోపలి గదిలోకి రానివ్వం. ఏరు – ఏటికి అన్నట్టు కారు – కాటికి అనం. అంటే అర్థం వేరే అయిపోతుంది! ఫిన్నిష్‌వాళ్ళు మాత్రం పాతకాలపు అరువు మాటల్ని ఏకంగా వంటింటి దాకా తీసుకెళ్ళారు.

కొత్త మాటల విషయంలో ఆ భాషా, మన భాషా ఒకే తీరు. మనం చివర ఉకారం చేర్చి బస్సు, బ్యాంకు, పోస్టు అంటే, వాళ్ళు ఇకారం చేర్చి బుస్సి, పంక్కి, పోస్తి అంటారు. మాట మొదట్లో హల్లులు గుంపుగా వస్తే ఇద్దరికీ ఇబ్బందే. వాళ్ళు 'స్ట్రాండ్'ని 'రంత' చేశారు. మనవాళ్ళు స్తంభాన్ని 'కంబం' చేశారు, స్టేషన్‌ని 'టేసను' చేశారు.

మా ఇంటి సంగతి

మర్నాడు ఇదంతా కాగితం మీద రాసి పిల్లకి చెప్పాను. శ్రద్ధగా వింది. "అయితే రెంగస్ రెంకాన్, లమ్మస్ లంపాన్... వచ్చేసింది" అని ఇంటిపని ముగించేసి లేచిపోయింది. దానికి అంతే కావాలి. ఆలోచన పట్టుకున్నది నన్ను.

కునింగస్‌ని ఈనాడు ఎవరూ పరాయి మాట అనరు. ఆ మాట పైరూపం ఏమీ మారలేదు. తోకతో సహా అలాగే ఉంది. మరి అది ఫిన్నిష్ మాట ఎప్పుడైంది? 'కునింకాన్' అన్న రోజున అయింది. 'కునింకాల్లె' అంటే రాజుకి, 'కునింకాత్' అంటే రాజులు. ఈ ప్రత్యయాలన్నీ ఫిన్నిష్‌వి. మాట ఎక్కడ పుట్టినా, విభక్తి ఇచ్చిన భాష దాన్ని తన బిడ్డని చేసుకుంది.

అప్పుడు మా అమ్మాయి వాక్యం ఒకటి గుర్తుకొచ్చింది. నేను విసుక్కుని ఆపేసిన వాక్యం. "నాన్నా, రెప్పుని బుస్సిలో మర్చిపోయాను, కోఉలుకి ఫోన్ చెయ్యి." లెక్క పెడితే అందులో మూడు ఫిన్నిష్ మాటలు, ఒక ఇంగ్లీషు మాట. కాని 'ని' తెలుగు, 'లో' తెలుగు, 'కి' తెలుగు, 'మర్చిపోయాను' తెలుగు, 'చెయ్యి' తెలుగు. పరాయి మాట కనపడ్డ ప్రతిచోటా దాని వెనకాల తెలుగు నిలబడి ఉంది. ఆ పిల్ల తెలియకుండానే కునింగస్‌కి జరిగిన పనే చేస్తోంది. నేను పరాయి మాటని చూసి, దాని పక్కన ఉన్న తెలుగుని కూడా నోరు మూయించాను.

నష్టం ఏమీ లేదని నేననను. ఐతి వచ్చాక ఎమా మూలకి పోయినట్టు, మా ఇంట్లో కూడా కొన్ని మాటలు పోయాయి. మా అమ్మ వాడిన చేట, జల్లెడ, కవ్వం, వీటి పేర్లు మా పిల్లకి రావు. ఆ వస్తువులే ఇంట్లో లేవు. వాటిని తలచుకుంటే బాధగానే ఉంటుంది. అయినా పేర్లు పోయిన భాష కొత్త పేర్లతో బతుకుతుంది. ఫిన్నిష్ బతికింది. 'లో', 'కి', 'తో', 'నుంచి' పోయి, క్రియాపదం పోయి, "అమ్మా" అన్న ఒక్క పిలుపు తప్ప మిగతా వాక్యమంతా ఇంకో భాష అయిన రోజున బతకడానికి ఏమీ మిగలదు.

ఆ వారమే నా నియమం తీసేశాను. ఇప్పుడు పిల్ల ఏ మాటైనా వాడనీ, ఒక్కటే అడుగుతాను. వాక్యం చివరిదాకా తెలుగులో వెళ్ళమంటాను. మాట తెలియకపోతే నేను అందిస్తాను, తీసుకుంటే తీసుకుంటుంది, లేకపోతే లేదు. మొదట్లో నమ్మకం కుదరక నా మొహం వైపు చూసేది. సంక్రాంతి నాటికి మళ్ళీ గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏడో తరగతి. మొన్న వాళ్ళ నాయనమ్మకి ఫోనులో, "ఇక్కడ లుమి బాగా పడిందే నాయనమ్మా, లుమిలో నడిచి నడిచి కాళ్ళు లాగేస్తున్నాయి" అని చెబుతోంది. లుమి అంటే మంచు. అటువైపు నుంచి "ఆ లుమిలో ఎందుకే తిరగడం, జలుబు చేస్తుంది" అని వినపడింది. మా అమ్మ ఆ మాట అర్థం అడగలేదు. 'లో' విన్నది, మిగతాది తనే పోల్చుకుంది.

మన సంఘం తెలుగు తరగతుల్లో పిల్లలకి పాఠాలు చెప్పే తల్లులకీ తండ్రులకీ నా మనవి ఒక్కటే. పిల్లల సంచుల్లో ఉన్న మాటల్ని తనిఖీ చెయ్యకండి. వాటికి మన విభక్తులు తొడగనివ్వండి. చేసేది ఆ చిన్న చిన్న ప్రత్యయాలే చేస్తాయి.

సభ్యులందరికీ, పిల్లలందరికీ ఉగాది శుభాకాంక్షలు.